వంతు లేని నీరు

లొల్ల లాకుల దగ్గర
ముప్పై ఏళ్లు తలుపులు ఎత్తి దించినవాణ్ణి.
నా గుండెకి లస్కరు ఎవరో
మొన్నటిదాకా తెలీదు.

లారీ హారన్ కొడితే చాలు,
కుక్క మొరిగితే చాలు,
గట్టు మీద కూచున్నవాణ్ణి కూచున్నట్టే
లోపల పరిగెత్తేవాణ్ణి.
"దేనికి బాబాయ్ భయం?" అని నవ్వాడు టీకొట్టు పోలయ్య.
దేనికని చెప్పను?

రావులపాలెం డాక్టరమ్మ గొంతు తడిమి,
రక్తం కాగితం చూసి,
"నీలో ఉలుకు రసం పెరగలేదు పేరయ్యా,
దాన్ని రానిచ్చే తలుపులు పెరిగాయి.
గుండెకి కొత్తవి పెట్టమని
థైరాయిడ్ రోజూ హుకుం పంపుతోంది" అంది.

అర్థమైంది.
కాలవలో కొలబద్ద మీద అదే గీత.
గట్టుకే, రాత్రికి రాత్రి, దొంగ తూములు.
చేను మునగదా మరి?

ఒక బిళ్ళ తూములకి చెక్కలు దించుతుందట, ఇవాళే.
రెండోది హుకుం ఆపుతుందట, నెలలు పడుతుందట.
పూడ్చిన తూము గట్టిపడ్డానికి ఎంత కాలమో
నాకొకరు చెప్పాలా.

అర్ధరాత్రి ఫోను.
బొబ్బర్లంకలో నీరు పెంచారట.
ఉలిక్కిపడి మణికట్టు పట్టుకున్నాను:
నూట నాలుగు.
నిన్నటికంటే పద్నాలుగు తక్కువ.

టార్చి తీసుకుని
చక్రం తిప్పడానికి పోయాను.