మూడో పడకగది

థోరా పైబస్ మళ్ళీ ఫోన్ చేసింది.
పందొమ్మిదేళ్ళ కిందట నేను బిగించిన తొట్టిని
నేనే ఊడదీయాలట.

హోబార్ట్‌లో నదికి ఇవతలి గట్టు, బెల్లరీవ్.
ఏటవాలు వీధి, రేకుల కప్పు, చెక్క ఇల్లు.
బడి వంటశాల ఉద్యోగం అయిపోయి అప్పటికి నెల.
మూడో పడకగదిలో మంచం తీయించి
కిటికీ కింద స్నానపు తొట్టి పెట్టమంది.
పోత ఇనుము, పింగాణీ పూత, సింహం పంజాల్లాంటి కాళ్ళు,
ఎక్కడో పాత హోటల్ కూలగొడుతుంటే బేరమాడి కొన్నది.
నలుగురం మోశాం. నా నడుం ఇంకా మరిచిపోలేదు.
మోశాక కూడా, ఇంకాస్త ఎడమకి, కాదు, కాస్త వెనక్కి,
అంటూ మూడుసార్లు జరిపించింది.
ఆ గంటకి కూడా డబ్బులు తీసుకున్నాను.
"అమ్మేటప్పుడు దెబ్బతింటారండీ" అన్నాను.
"తగిలితే ఇందులోనే కాపడం పెట్టుకుంటాలే" అంది.

ఇవాళ ఏజెంటు క్రిస్పిన్ కూడా ఉన్నాడు,
బూట్లకి నీలం ప్లాస్టిక్ తొడుగులు,
చేతిలో ఎర్రచుక్కతో గోడల్ని కొలిచే పరికరం.
"రెండు గదుల ఇల్లు వేరు, మూడు గదుల ఇల్లు వేరు.
ఎనభై వేల డాలర్ల తేడా.
గోడలకి తెలుపు వేయిద్దాం. మరీ తెల్ల తెలుపు కాదు,
చూసినవాళ్ళకి గుర్తుండని తెలుపు."

థోరా కరెంటు బిల్లు తిరగేసి
పెన్సిల్‌తో లెక్క వేసింది.
పందొమ్మిదేళ్ళ సాయంత్రాలు,
మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో పడుకున్న
పన్నెండు రోజులు మినహాయించి.
"పూటకి పదకొండున్నర డాలర్లు.
ఈ రోజుల్లో గ్లాసుడు బీరు రాదు."
క్రిస్పిన్ నవ్వాడు, నవ్వాల్సిన చోటనుకుని.
ఆమె సున్నాలు మరోసారి సరిచూసుకుంది.

కాగితాల మీద సంతకాలకి వాళ్ళు వంటింట్లోకి వెళ్ళారు.
నేను నీళ్ళు కట్టేశాను.
తుప్పుతో కరుచుకున్న మొదటి నట్టుకి నూనె వేసి
అది నానేదాకా ఏం చేయాలో తోచక,
ఏ బుద్ధి పుట్టిందో,
బూట్లు విప్పి ఖాళీ తొట్టిలో పడుకున్నాను.

నిలబడి చూస్తే ఆ కిటికీలోంచి కనిపించేవి
పక్కింటి రేకులు, ఒంగిన యాంటెన్నా, రెండు చెత్తడబ్బాలు.
ఇన్నేళ్ళూ ఆమె వాటినే చూస్తోందనుకున్నాను.
పుర్రెకో బుద్ధి, మనకెందుకు అనుకున్నాను.

పడుకుంటే
కిటికీ చట్రం పక్కింటిని మింగేసింది.
నది మిగిలింది.
నది మీద దీపం వెలిగించుకుని ఇటు వస్తున్న ఫెర్రీ,
దాని వెనక నెత్తిన మంచుతో కొండ.
మూడుసార్లు ఎందుకు జరిపించిందో అప్పుడు తెలిసింది.
తలాన్చే చోట పింగాణీ అరిగి
అరచేయంత నల్లటి మచ్చ.
నా తల అందులో సరిగ్గా కూచుంది.

మా వంటింటి కుళాయికి
కొన్ననాటి ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది.
నరెల్ పసుపు గోడలు కావాలంది, పదహారేళ్ళ కిందట.
కొనేవాడికి నచ్చదన్నాను.
మా గోడల రంగుకి పేరు లేదు, డబ్బా మీద అంకె ఉంది.
ఆ కొనేవాడెవడో ఇంతవరకు తలుపు తట్టలేదు గానీ
ఇంట్లో మంచి కుర్చీ మాత్రం అతనిదే.

"నీళ్ళు కట్టేశావా?"
గుమ్మంలో థోరా.
సిగ్గుతో లేవబోయాను, పట్టు దొరకలేదు.
"కట్టేశానండీ."
"మళ్ళీ వదులు. గురువారం దాకా ఇల్లు నాదే.
తొందర పడకు. ముందు ఎడమ చేయి అంచు మీద వెయ్యి,
తర్వాత మోకాలు. లేవడమే కష్టం ఇందులోంచి."

వ్యాన్‌లో కూచుని బిల్లు పుస్తకం తీశాను.
'తనిఖీ, అరగంట' అని రాశాను.
కొట్టేశాను.