వడ్డీ

టోకెన్ నంబరు పదకొండు వందల నాలుగు.
సగం బ్లేడు విరిచి కత్తికి ఎక్కిస్తా ఉంటే
ముందర కూర్చునింది ఒక తెల్లావిడ,
డెబ్బై దాటింటాయి.
జుట్టు భుజాల దాకా కూడా లేదు, నెరిసిన పీచు.
వేలంలో ఆ రకానికి రేటు రాదు.

తోడొచ్చినోడు హేమాద్రి, కొర్లగుంట పిల్లోడు, గైడు.
"అక్కా, ఈయమ్మ బల్గేరియాలో పెద్ద పాటగత్తె.
పేరు నెవెనా కలూదోవా.
మైకు లేకుండా రెండు వేల మందికి వినిపించేదంట."
మైకు లేకుండానా?
మా వీధిలో గంగజాతరకు నాలుగు పెట్టెలు కట్టినా
చివరింటోళ్ళకు చాల్లేదని గొడవ.

నీళ్ళు పోసి తడిపితిని.
తల పట్టుకుంటే మనిషి తెలుస్తాది నాకు,
పద్దెనిమిదేండ్ల పని.
జ్వరమొచ్చి లేచిన తల, పరీక్ష పాసైన తల,
అప్పుల భయంతో మొక్కుకున్న తల.
ఈ తల వేరే.
కిరీటాలు మోసి మోసి మెడ వెనక కాయ కాసింది.

హేమాద్రి చెప్తానే ఉన్నాడు.
గులాబీ తోటల ఊరంట.
పొద్దు పొడిచేలోగా కొయ్యాల,
ఎండ తగిలితే అత్తరు ఎగిరిపోతాది.
చీకట్లో ఎవరు ఏ సాలులో ఉండేదీ తెలియాలని
పిలకాయలు కూతలు పెట్టేవాళ్ళు.
ఆయమ్మ కూత కొండకు తగిలి తిరిగొచ్చేది.
బడి అయివోరు విని పట్నం పంపించె.
మొదటేడు దాసి వేషం, ఒకే ఒక్క ముక్క:
"దొరసానీ, బండి వచ్చింది."
తర్వాత దొరసాని ఆయమ్మే.
ముప్పై ఏండ్లు స్టేజీ మీద చచ్చింది.
దగ్గి దగ్గి, కత్తితో పొడుచుకోని, కోట మీద నుంచి దూకి,
చచ్చే ముందర అరగంట పాడి.
పదేండ్లు సర్కారు దేశం దాటనియ్యలే.
దాటనిచ్చిన వారంలోనే అమ్మ పోయె.
ఆ రాత్రి కూడా వేషం కట్టింది,
టిక్కెట్లు అమ్మేసినారు కదా.

"నొప్పి తెలుస్తాందామ్మా?" అంటిని.
తల అడ్డంగా ఊపింది.
లేదనుకోని లాగితిని.
చెవి పైన ఎర్రగా ఒక చుక్క.
హేమాద్రి నోరు కొట్టుకున్నాడు:
"అక్కా, వాళ్ళ దేశంలో అడ్డంగా ఊపితే అవునని,
నిలువుగా ఊపితే కాదని!"
ఆయమ్మ నవ్వింది. నేను పటిక రుద్దితిని.

ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?
ఒక రాత్రి పై స్థాయి అందుకోబోతే గొంతులో ఏమీ లేదంట,
మెట్టు ఉందనుకోని కాలు పెట్టినట్టు.
ఆ రాత్రి విగ్గు తీస్తా, కుట్టే ముసలాయన చెప్పినాడు,
ఇదంతా తిరుపతి వెంట్రుకేనని.
రాణికీ అదే, దాసికీ అదే, పిచ్చిదానికీ అదే.
"ఎవరి జుట్టో పెట్టుకోని దండాలు పెట్టించుకున్నా.
వడ్డీ కట్టేదానికి వచ్చినా."
ఈడుండే సామి కూడా అప్పులోడే,
ఇంకా కట్టతానే ఉన్నాడని చెప్పమంటి.

నడినెత్తిన కత్తి పెడితే లోపల ఏదో కదిలింది.
ఆయమ్మ నోరు మూసుకోనే ఉంది.
హాల్లో గోవిందా గోవిందా, కొళాయిల మోత.
చెవికి ఏమీ రాలే.
వేళ్ళకు వచ్చింది.
పుర్రెలోంచి బ్లేడుకు, బ్లేడులోంచి మణికట్టుకు,
తేనెతుట్టె మీద చెయ్యి పెట్టినట్టు.
పోయిందన్న గొంతు.
కత్తి ఆపేస్తిని.
వెనక క్యూ అరిచింది.

ఆరేండ్లొచ్చినా నాకు మాట రాలేదని
మా అమ్మ మోకాళ్ళ దాకా జడ ఈడనే ఇచ్చింది.
"అడుగు హేమాద్రీ. ఎర్ర ఛాయ,
చివర్లు చుట్టుకోని ఉంటాయి.
అట్లాంటిది ఎప్పుడన్నా పెట్టుకునిందా?"
ఆయమ్మ నున్నటి తల ఊపింది.
అడ్డంగానూ కాదు, నిలువుగానూ కాదు,
రెండూ కలిసి, మనోళ్ళు ఊపినట్టు.
హేమాద్రి దాన్ని తెలుగు చెయ్యలే.

చందనం పూసి పంపిస్తిని.
నెరిసిన పీచు డబ్బాలో వేస్తే చప్పుడే లేదు.
పదకొండు వందల ఐదు.
తల్లి ఒళ్ళో పసిది, కత్తి చూసి గుక్క పట్టింది.
ఎంత పైకి పోయిందంటే ఆ గుక్క,
మెట్ల కాడికి పోయిన ఆయమ్మ
నిలబడి
వెనక్కి తిరిగి చూసింది.