ఎనిమిది జీబీ

జంబియాని ఒడ్డున నా రిపేరు బల్ల.
నీళ్ళు తీసిన పూట, నాచు మడి నుంచి నేరుగా వచ్చి
మ్వనాయిదీ తడిచేతులు కాంగా చెంగుకి తుడుచుకుంది.
"చోటు లేదంటోంది మకామే,
ఏం తిని ఇంత బలిసిందో చూడు."

ఎనిమిది జీబీ. సగం ఫోనే ఉంచుకుంటుంది,
అద్దెకిచ్చిన ఇంట్లో మంచిగదులకి తాళమేసుకున్న ఆసామిలా.
మిగతా సగంలో
ఇసుక వేస్తే రాలదు.

ముందు గులాబీలు ఏరాను.
మంచుబొట్టు పడ్డ శుభోదయం గులాబీ,
ఒకటే గులాబీ, నలభై ఒక్కసార్లు.
"మా వదిన పంపుతుంది. తీసెయ్. దానికి చెప్పకు."
ఎవరి పెళ్ళో తెలియని ఏడు నిమిషాల వీడియో,
నడుములో దోపుకున్నప్పుడు తనంతట తాను నొక్కుకున్న
చీకటి ఫొటోలు పదమూడు.
అడుగంటిన మాడు గీకినట్టు క్యాషె గీకాను.
మనవడి ఆటలు రెండు.
"ఏడుస్తాడు," అంది. ఒకటి ఉంచాను.

అయినా ముప్ఫై ఎంబీ తక్కువ.
కొనేవాళ్ళ కొత్త యాప్ లేకపోతే
ఎండిన నాచుకి తూకం రాయరట.

అప్పుడు దొరికాయి గొంతులు.
పన్నెండు వందల పైచిలుకు, అన్నీ బిహావావే.
ఒకటి నొక్కాను: "నీళ్ళు దిగాయి. రా."
ఇంకోటి: "దిగాయి నీళ్ళు. ఇంకా పడుకున్నావా?"
పక్క మడి బిహావా.
తాడు గుంజల దగ్గర మాటామాటా అనుకుని
ఏడు నెలలుగా పలకని బిహావా.

"అన్నీ ఒకటేగా, ఒక్కటుంచి తుడిచేస్తాను."
"ఒకటే ఎలా అవుతాయి?
నీళ్ళు రోజుకో ముప్పావుగంట వెనకబడతాయి,
అదీ అలాగే లేచింది.
ఇదిగో, ఇందులో దానికి జలుబు.
ఇందులో వెనకాల కోడి, ఆ కోడి ఇప్పుడు లేదు."

నేను చేతులు కట్టుకు కూర్చున్నాను.
వేలితో తెర జరుపుతూ జరుపుతూ ఆగింది.
నీలం అల బొమ్మ. ఆటుపోట్లు చెప్పే యాప్.
ముప్ఫై నాలుగు ఎంబీ.
ఏడు నెలల కిందట నేనే వేసిచ్చాను.

"ఇది తీసెయ్."
"మరి నీళ్ళెప్పుడు దిగుతాయో..."
"తీసెయ్యమన్నానా?"

తీసేశాను. కొత్తది ఎక్కించాను.
నాలుగు మిగిలింది.
డబ్బులు రేపంది.
ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని
కొబ్బరికాయలో నీళ్ళున్నాయో లేదో చూసినట్టు
ఒకసారి ఊపి చూసుకుంది.