చెంబెడు నీళ్లు

నూరెంబర్గులో ఏం చూశావని
పొద్దున్నించీ మూడోసారి అడుగుతున్నావు మాలకొండయ్యా,
ఇట్టా గుంట అంచున కూర్చో, చెబుతా.
టీ చల్లారనీమాక.

రాళ్ల సంతకని ఓనరు తీసకపోయాడు గదా,
సుత్తితో తట్టి పగులెక్కడుందో చెప్పేది నేనేనని.
మెడలో బిళ్లేసుకొని
మన చీమకుర్తి నల్లరాయి పక్కన
మూడు రోజులు నిలబడ్డా, అదీ నేనూ ఒకటే రంగు.
నాలుగోరోజు ఊరు చూసుకోమన్నారు.

ఎర్రటి ఇసకరాయి ఊరబ్బా అది.
చర్చి గోడ కనపడితే చెయ్యి ఊరుకుంటదా,
వేలి కణుపుతో కొట్టి చూశా.
కావలాయన చూశాడు. నవ్వలా.
ముసలిరాయికి గొంతు బొంగురు,
పక్కనే కొత్తదానికి గంట మోత.
యుద్ధంలో బాంబులు పడి ఊరంతా కూలిందంట,
మళ్లీ కట్టుకున్నారంట.
ఆ సంగతి మనుషులకంటే ముందు
గోడే చెప్పింది నాకు.

మిట్టమధ్యాన్నం పన్నెండుకి
గడియారం కింద ఏడుగురు బొమ్మ దొరలు
రాజు చుట్టూ మూడుసార్లు తిరిగిపోయారు.
జనమంతా ఫోన్లెత్తారు.
నాకేమో మన సైరను గుర్తొచ్చింది,
మందు పేల్చబోతే
మేకలు కూడా వాటంతటవే పక్కకి జరగడం.

ఒక ఫౌంటెను కటకటాలకి ఇత్తడి రంగు ఉంగరం.
తిప్పితే కోరిక తీరుద్దంట.
వరసలో నిలబడి తిప్పా.
ఏం కోరుకున్నానో అడగమాక.

కోట మీదున్న బావి సంగతి చెప్పాలి నీకు.
కొండని తొలిచి దింపారు.
మిషను లేదు, మందు లేదు, ఉలీ సుత్తే.
తొలిచినోళ్ల పేర్లు ఆ గోడల మీద వెతికా,
నాకైతే దొరకలా.
గైడు పిల్ల చెంబుతో నీళ్లు పోసింది.
అందరం ఊపిరి బిగబట్టాం.
ఒకటి.
రెండు.
మూడు, నాలుగు, ఐదు.
అప్పుడొచ్చింది చప్పుడు,
ఎవరో చీకట్లో పెదవి విరిచినట్టు.
అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలా.
పొదిలి దగ్గర మా అత్తోళ్ల బోరు
ఎనిమిదొందల అడుగులు,
ఎంత లెక్కపెట్టినా కిందనించి దుమ్మే జవాబు.
ఆడ చప్పుడు వినడానికి
చెంబెడు మంచినీళ్లు పారబోశారు.

ఇంత చెబితే
నువ్వడిగింది ఒకటే మాట:
"అడుగున నీళ్లున్నయ్యా మరి?"
ఉన్నయ్.
"ఎంత లోతు?"
నూటఅరవై అడుగులుంటదేమో.
"ఓస్, ఇంతేనా! మన గుంటకి టిక్కెట్టు పెడితే
ఓనరు ఇంకో మేడ కట్టుద్దును" అని నవ్వి

గ్లాసులో మిగిలిన టీ అంచు మీంచి ఒంపావు.
ఎందుకో ఇద్దరం మాట్లాడకుండా
లెక్కపెట్టాం.
ఏడు దాకా వచ్చాక
సైరను మోగింది.