అరువు చెయ్యి

ఆ చలికాలం యెరెవాన్‌లో
కరెంటు దూరపు చుట్టంలా వచ్చేది,
రోజుకో గంట, చెప్పాపెట్టకుండా.
పిండి పిసికిన చేతులతో జనం మేడమెట్లెక్కి పరుగెత్తేవాళ్లు.

చదరంగం హాల్లో కంప్యూటరు మాత్రం
లారీ బ్యాటరీ మీద బతికేది.
విరిగిన కుర్చీలు పొయ్యిలో కాలుతుండగా
దాని తెరే మాకు పెద్దదీపం.

అన్నీ ఉన్నాయి దానికి, చెయ్యి తప్ప.
అందుకని నన్ను పెట్టారు.
పందొమ్మిదేళ్లు నాకు, పూటకో కొవ్వొత్తి జీతం.
తెర చెప్పిన ఎత్తు బల్ల మీద వెయ్యాలి,
గడియారం నొక్కాలి,
ఆలోచించకూడదు.
ఆలోచించకుండా ఉండటం ఎంత కష్టమో
అక్కడే తెలిసింది.

ఎదుట అరుస్యాక్.
మూతబడ్డ బూట్ల ఫ్యాక్టరీలో పద్దులు రాసిన మనిషి.
ఓవర్‌కోటు విప్పదు,
కుడిచేతికి వేళ్లు కత్తిరించిన ఉన్ని తొడుగు.
ఆమెకి ఐదు నిమిషాలు, దానికి ఐదు.

"తీరిగ్గా ఆడితే గెలవొచ్చేమో గానీ
ఇంత తొందరాటలోనా?" అన్నారెవరో వెనక నుంచి.
"తీరికుంటే లెక్కపెడతాను," అందామె,
"లెక్కల్లో దానికి చాలను.
తొందరలో వాసన చూస్తాను.
దానికి ముక్కు లేదు కదా."

మొదటి ఆట ముక్కు మోసం చేసింది.
ఊరికే దొరికిన బంటు తింది, మంత్రిని పోగొట్టుకుంది,
చేతిరుమాల్లో ఘాటుగా తుమ్మింది.

రెండోది వేరు.
బంటుకి బంటు ఎదురు నిలబెట్టి
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గడియ వేసేసింది.
నేను ఏనుగుని కుడికి జరిపాను.
తర్వాత ఎడమకి.
మళ్లీ కుడికి.
ఏమీ తోచని అద్దెదారు గదిలో పచార్లు చేస్తున్నట్టు.
తెర మీది అంకె మాత్రం
నాదే పైచెయ్యి, నాదే పైచెయ్యి అంటూనే ఉంది.
ఆమె చప్పుడు లేకుండా గుర్రాల్ని ఒక మూలకి చేర్చి
ఒక్క బంటుని తోసింది.
అంకెకి ఆలస్యంగా చెమటలు పట్టాయి.

మూడో ఆటలో నా వేళ్లు నా మాట వినలేదు.
గెలిచే ఆట, దానికి.
శకటు చేజారి బల్ల కిందకి దొర్లింది.
వంగి వెతికి, లేచి పెట్టి, నొక్కబోతే
గడియారం ఎర్రజెండా పడిపోయింది.
జనం కేకలేశారు. నా భుజం మీద కూడా చరిచారు.
నేను ఎవరి పక్షమో వాళ్లకి గుర్తులేదు.

అరుస్యాక్ నవ్వలేదు.
నీలంగా కమిలిన నా గోళ్లు చూసి
తన చేతి తొడుగు తీసి
గళ్ల మీదుగా తోసింది, ఒక ఎత్తు వేసినట్టు.
"ఇప్పుడు సరిగ్గా ఆడించు."

ఆ తొడుగులో ఆమె వెచ్చదనం ఇంకా ఉంది.
దానితోనే ఆమెని రెండుసార్లు ఓడించాను.
మధ్యలో ఒకటి ఎటూ తేలలేదు.

చివరి ఆట.
తెర ఒక ఎత్తు చూపింది.
ఆమె చూడలేదు దాన్ని, నేను చూశాను.
గుర్రం ఎత్తాను, గాలిలోనే ఆగింది.
ఒక ఊపిరంత సేపు. అంతే.
ఆమె ముందు నా చేతిని చూసింది,
తర్వాత గుర్రం దిగబోయే గడిని,
తర్వాత తన రాజుని.
"పెట్టు నాయనా," అంది, "బ్యాటరీ అయిపోతోంది."

ఆట ముగిశాక
ఫ్యాక్టరీ పద్దుపుస్తకం తీసి గీతలు గీసింది.
యంత్రం, నేను అని రెండు వరసలు.
కాసేపు పెన్సిలు కొరికి
మూడో గీత గీసి, పైన "చెయ్యి" అని రాసింది.
దాని కింద ఏ అంకె వేసిందో
కొవ్వొత్తి దగ్గరగా జరుపుకునేలోపు
పుస్తకం మూసేసింది.