ఎవ్వలూ పోని చోటు

వేయిస్తంభాల గుడి కాడ బస్సు దిగినోళ్లు
వేయింటికీ వీపు చూపి
ఫోన్లకు మొఖం చూపుతరు.
లక్నవరం ఊగే వంతెన మీద
ఐతారం నాడు ఊగేది మనుషులే,
వంతెనకు ఊగనీకి తావు లేదు.

గందుకే మా కొమురెల్లి సారు కొత్త దందా తీసిండు:
ఇద్దరికే. ఒక్క రాత్రికే.
మ్యాపుల లేని జాగ.
మనిషికి పద్నాలుగు వేలు.
ఆ జాగ ఏడుందో ఆయనకు తెల్వదు, నాకు తెలుసు.
నాకు రోజుకు తొమ్మిదొందలు, డీజిలు ఆయనది.

పోయిన నెల ఒక జంట.
ఆమె మృణాళిని. ఆయన పేరు చెప్పలే.
కాజీపేట టేషన్ల దిగంగనే అడిగింది,
"అక్కడ ఇంకెవరూ ఉండరు కదా?"
"ఉండరు మేడం" అన్న.
తొమ్మిదొందల అబద్ధం.

పస్రా దాటినంక తారు ఇడిచినం.
ఇప్పచెట్ల కింద పువ్వు ఏరేటోళ్లు
బొలెరో చప్పుడుకు లేసి నిలబడ్డరు,
ముగ్గురు ఆడోళ్లు, ఒక పిల్ల, ఒక కుక్క.
"ఎంత నిర్మానుష్యంగా ఉంది!" అన్నది ఆమె,
అద్దం దించకుంట.

వాగుల టైరు దిగవడ్డది.
అటు నుంచి వస్తున్న నర్సు సరోజన
టీకాల డబ్బా గట్టున పెట్టి, చీర ఎగజెక్కి
నాతోని పాటు బండి నూకింది.
మంగళారం మంగళారం ఆమె నడిచే తొవ్వ అది.
మేము ఎవ్వలూ పోని చోటుకు పోతున్నమని
ఆమెకు చెప్పబుద్ధి కాలే.

గుట్ట మీద రాతి ఇండ్లు.
నాలుగు బండలు నిలబెట్టి, మీద ఒక బండ కప్పి
ఎప్పటోళ్లో తమ సచ్చిపోయినోళ్లకు కట్టినయి.
పొద్దు గూకుతుంటే వాటి నీడలు
మందల లెక్క ఒకదానెనుక ఒకటి దిగినయి గుట్ట.
ఆయన కెమెరా తీసిండు.
కొంచెంసేపు పట్టుకొని, మల్ల సంచిల పెట్టిండు.
అప్పుడు అడగాల్ననిపించింది ఆయన పేరు.
అడగలే.

రాత్రి పొడెం నాగక్క వాకిట్ల మంచాలు.
జొన్న గటక, ఎండుచాపల పులుసు.
ఇద్దరి మొఖాల మీద టార్చి కొట్టి చూసిందామె.
"ఏం పోగొట్టుకున్నరు బిడ్డా,
గింత దూరమొచ్చి దేవులాడుతున్నరు?"
తెలుగే. అయినా తర్జుమా చెయ్యమన్నట్టు
ఇద్దరూ నా దిక్కు చూసిండ్రు.
"కడుపునిండ తినుమంటున్నది" అన్న.

తెల్లారి పోయేటప్పుడు
నా చేతిల ఐదొందలు పెట్టి, మెల్లగ,
"ఈ చోటు ఎవ్వరికీ చెప్పొద్దు" అన్నదామె,
రిజిస్ట్రీ అయిన పొలం లెక్క.
వెనుక నాగక్క వాకిలి ఊడుస్తనే ఉన్నది.
ఎవ్వలికి చెప్పొద్దు?
పువ్వు ఏరేటోళ్లకా, సరోజనకా,
పోడు చేన్ల మంచె మీద రాత్రంత డప్పు కొట్టినోనికా?

సోమారం సారు ఫోను.
"అదిరిందంట! పిన్ను పంపు.
వచ్చే వారం ఆరు జంటలు."
ఆరు జంటలంటే ఆరు బండ్లు.
ఆరు బండ్లెనుక నీళ్ల సీసాలు, వాటెనుక ఒక గేటు,
గేటు కాడ టికెట్లు చింపే పిలగాడు.
ఆ పిలగాడు నాగక్క మనుమడే కావచ్చు.
నెలకింత జీతం. అది మంచిదేనేమో,
నాకు తెల్వది.

అప్పుడు నేను చాయ్ తాగుతున్న,
సోమిడిల, మా గల్లీల, రైలు పట్టాల పక్కన.
ఈడికి చూడనీకి వచ్చినోడు ఇప్పటిదాంక లేడు,
కిస్తీ అడగనీకి వచ్చినోడు తప్ప.
రాత్రి రెండింటికి గూడ్సు డబ్బాలు తగులుకుంటే
మా ఇంట్ల గిలాసలు మాట్లాడుకుంటయి.
పక్కింటి యాకూబీ మిద్దె మీద పావురాలు
కూత రాంగనే లేస్తయి,
ఆఖరి డబ్బా పోయేదాంక గాలిల ఆగి,
పోయిన జాగలనే దిగుతయి.

నేను కూసున్న కాడనే ఏలు ఒత్తిపట్టిన.
పిన్ను పోయింది.

"ఇదేం చోటురా?" అన్నడు సారు.

"ఎవ్వలూ రాలే సారు,
ఒట్టు."