ఎనిమిది కాపీలు

జూన్ మొదటి వారం. దామలచెరువు మండీ.
తోతాపురి కుప్పల నడుమ వరిగడ్డి మీద కూర్చుని
ఆమె కాయలు ఏరుతోంది.
మచ్చపడింది ఎడమకు, గట్టిది కుడికి,
పగిలింది వెనక్కి, చూడకుండానే.
ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది.
నా వేలు ఆగలేదు.

కొర్లగుంటలో నాది పదడుగుల స్టూడియో.
పాస్‌పోర్టు ఫొటోలు, శ్రీమంతాలు, చెవులు కుట్టే ఫంక్షన్లు.
ఇరవైరెండేళ్ళుగా "గడ్డం కిందికి, కళ్ళు ఇటు" అంటున్నవాణ్ణి
ఏమీ అనకుండా తీసింది అదొక్కటే.
అంత బాగా వచ్చిందీ అదొక్కటే.

ఆ రాత్రే నలుగురికి పంపాను.
ముగ్గురు శభాష్ అన్నారు.
నాలుగోవాడు, మా తోడల్లుడు చెంగల్రాయుడు,
తెల్లారేసరికి స్టేటస్‌లో పెట్టుకుని
కింద "కష్టజీవి" అని రాశాడు,
మూడు దణ్ణాలు కూడా పెట్టి.
ఆ మాట చూశాక అన్నం సయించలేదు.
ఆమె పేరు కష్టజీవి కాదు గదా.
అడిగి ఉంటే తెలిసేది.

తీసెయ్యరా అంటే
"రేపటికి అదే పోతుందిలే" అన్నాడు.

మళ్ళీ పాకాల బస్సెక్కాను.
ఒళ్ళో కవరు, కవర్లో ఆమె.
చంద్రగిరి దాటాక పక్క సీటాయన తొంగిచూస్తే
బోర్లించి పెట్టుకున్నాను.

మండీ గుమాస్తా దొరస్వామి కుర్చీలోంచే వేలు చూపించాడు.
"ఆ యమ్మేనా? అడుగు, అడుగు. ఏమంటుందిలే."
ఏమంటుందో తెలియకే గదా ఇంత దూరం వచ్చింది.

చేతులు కొంగుకు తుడుచుకుని
సొన అంటకుండా అంచు పట్టుకుని చూసింది.
చాలాసేపు చూసింది.
బాగుందనలేదు, బాగాలేదనలేదు.
"ఎన్ని తీసినావు?"
ఒకటే.
"ఎంతమందికి ఇచ్చినావు?"
నలుగురికి.
ఇంకా చూస్తూనే ఉంది నా వైపు.
అప్పుడు చెంగల్రాయుడి సంగతీ చెప్పాను.

"కాయ లారీ ఎక్కినాక
యెవురింట్లో కోస్తారో నాకు తెల్దు, నాకెందుకు కూడా.
అది కాయ సామీ.
దీంట్లో నేనుండా.
ఆ పొద్దు నేనేం తలుచుకుంటా ఉన్నానో
మా ఇంట్లోవాళ్ళకే చెప్పలా."

పొరపాటన్నానో, తప్పన్నానో, నాకే వినపడలేదు.

ఆ ఫొటోను కవరుతో సహా తన క్యారియరు సంచిలో పెట్టుకుంది.
ఫోన్లోది చెరిపితే, చెరిగేదాకా చూసింది.
నేను లేవబోతే
"రవంత ఉండు. ఇంగోటి తియ్యి."

కుళాయి కాడ ముఖం కడుక్కుంది.
తలగుడ్డ విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుంది.
పక్కామె నుదుటి నుంచి బొట్టు బిళ్ళ అడిగి అంటించుకుంది.
దొరస్వామిని కుర్చీ అడిగింది.
ఆయన లేచాడు.
కూర్చుని, ఊపిరి బిగబట్టి, "ఇప్పుడు" అంది.

ఇరవైరెండేళ్ళలో
నాకు "ఇప్పుడు" అని చెప్పినవాళ్ళు లేరు.

నిజం చెప్పాలంటే ఆ ఫొటో బాగాలేదు.
భుజాలు కొయ్యబారాయి, కళ్ళు పత్తికాయల్లా,
నడినెత్తిన ఎండ, వెనక సగం తెగిన లారీ.
నా దగ్గర పనిచేసే కుర్రాడు తీసుంటే తిట్టేవాణ్ణి.
"ఇది యెవురికైనా చూపించుకో" అంది.

స్టూడియో గోడకు ఇప్పుడదే ఉంది, ఫ్రేము కట్టి.
ఏముందన్నా ఇందులో అంటారు వచ్చినవాళ్ళు.
మొదటిదాంట్లో ఏముందో చెప్పను.
ఇక్కడా చెప్పలేదు, వెతకొద్దు.
పేరు రాసుకోనా అంటే
"కాయల గురించి రాసుకో" అంది.
రాశాను.

తర్వాతి ఆదివారం కాపీలు తీసుకెళ్ళాను.
ఎనిమిది అడిగింది.
నిలబెట్టి లెక్కపెట్టింది, ఏడే తేలాయి.
ఎనిమిదోది కవరు లోపల అతుక్కుని ఉంది.
అది గోటితో ఊడదీసి, మొదట్నుంచీ మళ్ళీ లెక్కపెట్టేదాకా
నన్ను బస్సెక్కనివ్వలేదు.